చుట్టరికం లేని కుర్చీ

నిన్న తిరుత్తణిలో ఒక ఫర్నిచర్ కొట్టుకు వెళ్ళాను, భోజనాల బల్ల చూద్దామని. కొట్టు ముందు రెండు చెక్క కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి, ఇద్దరు కూర్చుంటే మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. లోపలికి పోతూ పోతూ వాటిలో ఒకదాన్ని పట్టుకుని కాస్త పక్కకు తిప్పేశాను. చెయ్యి దానంతటదే పోయింది. కొట్టాయన గబగబా వచ్చాడు.

"ఏమక్కా, కాలు ఆడతా ఉండాదా?"

"లేదన్నా, కుర్చీ బాగుండాది. ఇట్ల మొహం మీద మొహం పెట్టి కూర్చుంటే ఎవురూ మనసు విప్పి మాట్లాడరు. కొంచెం పక్కకు తిరిగుండల్ల."

ఆయన నన్నూ కుర్చీనీ మార్చి మార్చి చూశాడు. "మేం బేరం నిలబడుకోనే మాట్లాడతాం గదక్కా" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. బల్ల సంగతి మరిచిపోయి ఇంటికొచ్చేశాను. దారి పొడుగునా మనసులో మా మేడమే నాతో మాట్లాడుతూ వచ్చారు.

మేడం అని తప్ప ఆవిడను నేను ఇంకోలా పిలవలేదు. పేరు రాస్తే తిడతారు కాబట్టి ఇప్పుడూ రాయను. కౌన్సెలింగ్ సైకాలజీ ఎంఎస్సీ రెండో ఏడులో నేను ఆవిడ చేతిలో పడ్డాను. పడ్డాను అనే అనాలి. నూలు చీర, కాళ్ళకు కాన్వాస్ బూట్లు, మెడ దాకా కత్తిరించిన నెరిసిన జుట్టు, భుజాన ఎప్పుడూ నిండుగా ఉండే గుడ్డ సంచీ. ఆవడి నుంచి లోకల్ ట్రైన్లో తిరువళ్ళూరు వచ్చేవారు. సీటున్నా కూర్చునేవారు కాదు. అడిగితే, "దినమంతా కూర్చునే ఉద్యోగమే గదమ్మణ్ణీ, బండిలో అయినా నిలబడుకోనీ" అనేవారు.

మా శిక్షణ కేంద్రం స్టేషనుకు దగ్గరలో, బోరు మోటార్లు బాగుచేసే షాపు పైన ఉండేది. కింద మోటారు వేసినప్పుడల్లా మా గది కిటికీ రెక్కలు గడగడలాడేవి. లోపల ఎవరో కన్నీళ్ళు పెట్టుకుంటుంటే కింద మోటారు మోగుతుంది. నాకు ఒళ్ళు మండేది. మేడంకు మాత్రం సంతోషమే. "మంచిది కదా! బయటికి వినబడదు. బాగా ఏడవనీ" అనేవారు.

మొదటి వారమంతా మాతో ఆవిడ చేయించింది కుర్చీలు వేయడమే. నేనూ, నాతో పాటు శిక్షణకొచ్చిన సెల్వి అనే తమిళ అమ్మాయీ పొద్దున్నుంచి కుర్చీలు లాగడం, ఆవిడ వచ్చి కూర్చుని చూడడం, పెదవి విరిచి లేచిపోవడం. మరీ దగ్గరైతే "ఊపిరాడలా" అనేవారు. దూరమైతే "నేనేమన్నా పోలీసు స్టేషనుకు వచ్చినానా?" అనేవారు. ఎంఎస్సీ చదవడానికొచ్చి ఈ కుర్చీల మోత ఏమిట్రా భగవంతుడా అనుకున్నాను. కూర్చున్న మనిషి మన మొహం చూడాలనిపిస్తే చూడగలగాలి, వద్దనిపిస్తే కిటికీ వైపు చూసుకోగలగాలి. ఆ సంగతి ఆవిడ నోటితో చెప్పలేదు, మా నడుములతో చెప్పించారు.

ఇంకో చాదస్తం వడలు. వచ్చినవాళ్ళకు మాలో ఎవరైనా నోరు జారి సలహా ఇస్తే, అందరికీ వడలు తెప్పించాలి. బుధవారం కూర్చుని మా రికార్డింగులు వినేవాళ్ళం. "మీరు మీ ఆయనతో ఒకసారి మాట్లాడి చూడండి" అని నా గొంతు వినబడగానే మేడం టక్కున ఆపి, సంతోషంగా చేతులు రుద్దుకునేవారు. "వడ!" అనేవారు. నేను బడి టీచరుగా పనిచేసి వచ్చినదాన్ని, సలహా ఇవ్వకుండా ఉండటం నాకు చేతవుతుందా? ఆ ఏడాది స్టేషను ముందరి వడల బండి నా వల్లే నడిచిందని సెల్వి ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఈ చదువు సంగతి కొంచెం చెప్పాలి. పరీక్షలు రాసి పాసైతే చాలదు. నిజమైన మనుషులతో, వాళ్ళ నిజమైన కష్టాలతో కూర్చోవాలి. వాళ్ళ అనుమతితో మాటలు రికార్డు చేసి సూపర్వైజరుకు వినిపించాలి. ఆవిడ సరేనంటేనే ఆ గంట లెక్కలోకి వస్తుంది. వీటన్నిటి మీదా ఇంకో నియమం ఉంది. కనీసం ఒక్క మనిషినైనా మొదటి రోజు నుంచి ముగింపు దాకా మనమే చూసి ఉండాలి. మధ్యలో చేతులు మారితే అది ముగిసిన కేసు కాదు. అది లేకపోతే పట్టా లేదు. పొదటూరుపేట దగ్గర బడి ఉద్యోగం మానుకుని, "ఈ వయసులో నీకు చదువేంది పాపా" అని అమ్మ చేత అనిపించుకుని వచ్చినదాన్ని నేను. ఆ పట్టా నాకు ఎంత కావాలో చెప్పలేను.

ఒకరోజు మేడం "రేపు నా దగ్గరికి ఒక పెద్దామె వస్తాది, నువ్వు చూడు" అన్నారు. మర్నాడు చూస్తే ఆ పెద్దామె మేడమే! బూట్లు బయట విడిచి, కొంగు తల మీదికి లాక్కుని, నడుము పట్టుకుని మెల్లగా వచ్చి కూర్చున్నారు. ఆవిడకు ఈ వేషాలంటే ప్రాణం. నన్ను పైనుంచి కిందికి చూశారు.

"యా ఊరు మే నీది?"

"తిరుత్తణి" అన్నాను హుషారుగా.

"తిరుత్తణిలో యాడ? ఎవురోళ్ళ పిల్లవి?"

నేను మా తాత పేరు చెప్పాను.

"ఓహో! ఆయప్ప చెల్లెల్ని మా ఊర్లోనే గదా ఇచ్చినారు! అట్లయితే నువ్వు నాకు కోడలు వరస అయితావే!"

"అవునా అత్తా!" అనేశాను.

మేడం కొంగు దించేశారు. "అయిపాయ. కొట్టు తెరవకముందే మూసేస్తివి. నేను నా కొడుకు తాగొచ్చి కొడతాడని చెప్పుకోను వచ్చినాను. ఇప్పుడు నువ్వు నాకు కోడలు. కోడలి ముందర కొడుకు పరువు తీసుకుంటానా? కాఫీ తాగేసి ఇంటికి పోతాను."

సెల్వి పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు రోషం వచ్చింది కానీ ఏమనగలను? మా సరిహద్దు తెలుగువాళ్ళ అలవాటే అది. ఊరంతా తమిళం, ఆఫీసులన్నీ తమిళం. బస్సులోనో ఆసుపత్రి వరసలోనో ఒక తెలుగు మాట చెవిన పడితే చాలు, యా ఊరు, ఎవురోళ్ళు, నాలుగో మాటకు మామో వదినో అయిపోతాం. లేకపోతే ఇన్ని తరాలుగా ఈ భాష ఇక్కడ నిలిచేదే కాదు. మేడం కూడా పళ్ళిపట్టు వైపు మనిషే కాబట్టి ఆ అలవాటు ఎంత తియ్యనిదో ఆవిడకూ తెలుసు.

"బయట ఎంత చుట్టరికమైనా కలుపుకో అమ్మణ్ణీ" అన్నారు. "ఈ కుర్చీకి మాత్రం చుట్టరికం లేదు. అందుకే దాంట్లో కూర్చున్న మనిషికి ఏదైనా చెప్పొచ్చు."

ఆ మాట నాకు బాగా ఎక్కింది. ఎంత బాగా ఎక్కిందంటే, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ఎవరినీ ఇంటిపేరు గానీ, ఎవరోళ్ళని గానీ అడిగిన పాపాన పోలేదు. నా కథంతా ఆ అడగకపోవడంలోనే ఉంది.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఊరూ చదువూ కొంత మార్చాను, పేరు మాత్రం మార్చి కూడా రాయను. మా అమ్మకు చదవడం తమిళమే వచ్చు కాబట్టి ఈ తెలుగు ఆమె కంటపడే భయం లేదు.

కాలేజీ చివరి ఏడు చదువుతున్న పిల్ల. పరీక్ష హాల్లో చేతులు వణికి పెన్ను పట్టుకోలేకపోతోందని లెక్చరర్లు పంపారు. ముందు తమిళంలో మాట్లాడింది, రెండో వారానికి తెలుగులోకి దిగింది. మెల్లగా తేలింది ఏమిటంటే, ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఇంట్లో ఒక్కసారి కూడా "వద్దు" అనలేదు. ఏమడిగినా తల ఊపడమే. ఇంట్లో పెళ్ళి మాటలు మొదలయ్యాయి, చదువు ఆగిపోతుందేమోనని గుండె దడ, అయినా తల ఊపడమే. "ఆ మాట గొంతుదాకా వస్తాది. ఆడే నిలబడుకుంటాది" అంది.

వడల భయంతో నేను సలహా ఇవ్వలేదు. ఏ మాట వద్దనడం అన్నిటికన్నా సులువు అని అడిగాను. చాలాసేపు కిటికీ వైపు చూసి, "కాఫీ" అంది. ఆమెకు కాఫీ ఇష్టం లేదట. చిన్నప్పటి నుంచీ వాళ్ళమ్మ ఇస్తే తాగుతోందట.

తర్వాతి గురువారం తలుపు తీసుకుని రావడమే పరుగున వచ్చింది. "మేడం, చెప్పేసినాను! కాఫీ వద్దన్నాను!"

"అమ్మ ఏమనింది?"

"సరే పో అనింది. అంతే మేడం! అంతే అనింది!"

ఆ పిల్ల నవ్వు చూసి నేను కుర్చీలోంచి లేవబోయి, మేడం గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను. తర్వాతి బుధవారం రికార్డింగు వింటూ మేడం మాత్రం లేచి గదంతా ఒక చుట్టు తిరిగారు. "కాఫీ! చూడు, కాఫీతో మొదలుపెట్టినాది! ఇంగ ఈ పిల్లని ఎవురూ పట్టలేరు!" అన్నారు. ఆ తర్వాత రెండోసారి వడ్డించే అన్నం వద్దంది, పిన్ని ఇచ్చిన పూల చీర వద్దంది. చేతుల వణుకు తగ్గింది. ఇంకో రెండు మూడు వారాల్లో ముగించొచ్చని మేడం అన్నారు. నా చేతిలో మొదటి నుంచి చివరి దాకా నడిచిన ఒకే ఒక్క కేసు అది. పట్టా నా కళ్ళ ముందు కనబడుతోంది.

ఆ ఆదివారం పొద్దున వంటింట్లో దోసెలు పోస్తున్నాను. నాన్న పోయాక అమ్మా, తమ్ముడూ, నేనూ ఒకే ఇంట్లో ఉన్నాం. మా ఆయనది ఊరూరా తిరిగే ఉద్యోగం. అమ్మ ఫోన్ పట్టుకుని మెరిసే కళ్ళతో వచ్చింది.

"పాపా, ఈడ చూడు. మామ పంపించినాడు. మన అబ్బోడికి. జాతకాలు కలిసినాయంట, పొరుత్తం బాగుండాదంట. పిల్ల ఎట్లుండాది?"

పట్టుచీర, జడ నిండా పూలు, స్టూడియో బొమ్మ. ఆ అమ్మాయే! గురువారం గురువారం నా పక్కన కూర్చునే అమ్మాయే!

దోసె మాడిపోయింది. "చూసుకోవా?" అని అమ్మ అరిచింది. దోసె తిరగేసే నెపంతో మొహం పొయ్యి వైపు తిప్పుకున్నాను. నా తమ్ముడు! ఆ పిల్ల ఎవరి పేరు తెలియకుండానే భయపడి చచ్చిపోతోందో ఆ పెళ్ళికొడుకు నా తమ్ముడు! మొదటి రోజే యా ఊరు, ఎవురోళ్ళు అని అడిగి ఉంటే మామ దాకా వరస తెలిసిపోయేది. అడగకుండా శిక్షణ పొందాను కదా, తెలియలేదు.

ఆ రోజంతా నాలో నేను బేరాలాడుకున్నాను. ఆ పిల్లకు మా ఇల్లు తెలియదు. మా ఇంట్లో ఆ పిల్ల నా దగ్గరికి వస్తుందని తెలియదు. రెండు మూడు వారాలు నోరు మూసుకుంటే కేసు ముగుస్తుంది, పట్టా వస్తుంది. చెబితే కేసు చేతులు మారుతుంది, ఏడాది పోతుంది. సోమవారం తెల్లారేసరికి ఆ బేరం తెగింది. ఆ పిల్ల తన మనసంతా తెచ్చి కాబోయే ఆడబిడ్డ ముందు పెడుతోంది, ఆ సంగతి తనకే తెలియకుండా. అది తలుచుకుని, తింటున్న దోసె పక్కన పెట్టి కేంద్రానికి బయల్దేరాను.

మేడంకు చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ రెండు చేతులూ తల మీద పెట్టుకుని, "అబ్బబ్బా! ఇది యా పుస్తకంలోనూ లేదే!" అన్నారు. మొహం వెలిగిపోతోంది. ఆ తర్వాత వెంటనే కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "చెప్పినందుకు సంతోషం అమ్మణ్ణీ. ఇంగ ఆ పిల్ల ముందర కూర్చునేది ఎవురు? కౌన్సెలరా, ఆడబిడ్డా?"

"కౌన్సెలరే మేడం అని..."

"అనుకుంటావు. రేపు ఆ పిల్ల మీ తమ్ముణ్ణి వద్దంటే నీకు ఒక్క చుక్క కూడా చేదు కాదా?"

నిజం చెప్పాలి కదా. నా తమ్ముడికేం తక్కువ అన్న మాట అప్పటికే నాలో ఒక మూల లేచి కూర్చుంది. "అయితాది మేడం" అన్నాను.

"సెల్వి చూస్తాది. నీ ఏడాది పోతాది. నేను ఏమీ చేయలేను, చేసే దారి ఉన్నా చేయను" అన్నారు. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. మేడం నన్ను ఊరుకోబెట్టలేదు, కింద మోటారు మోగేదాకా పక్కనే కూర్చున్నారు. ఆ తర్వాత, "ఏడ్చేది అయినాదా? మొహం కడుక్కోనిరా, అసలు పని ఇప్పుడుండాది" అన్నారు.

కడుక్కుని వచ్చేసరికి కొంగు నడుముకు దోపి, చేతిలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను బెదిరాను. అచ్చం మా అమ్మ!

"పాపా! ఈ పిల్లని నువ్వు యాడన్నా చూసినావా?"

"లే... లేదమ్మా" అన్నాను.

"అబద్ధం. కండ్లు నేల చూసినాయి. మళ్ళీ. పాపా, తిరువళ్ళూరులోనే గదా చదువుతాది, మంచిదేనా?"

"ఆ పిల్ల గురించి నన్ను అడగొద్దమ్మా."

"అయిపాయ! ఇంగ మీ అమ్మ ఇప్పుడే మామకు ఫోన్ చేస్తాది. పిల్లలో ఏమో ఉండాది, అందుకే మా పాప నోరు మూసుకోనుండాది అంటాది. చెప్పను అన్నా చెప్పినట్టే అమ్మణ్ణీ! మళ్ళీ!"

ఎన్నిసార్లు చేశామో! నేను ఒక మాట అనడం, ఆవిడ మా అమ్మగా దాన్ని పీకి పాకం పెట్టడం. సెల్వి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. చివరికి విసిగిపోయి, "అమ్మా, కాపురం చేసేది వాడు. వాణ్ణి అడుగు, వాడికి నచ్చితే నాకు నచ్చినట్టే" అన్నాను.

మేడం ఆగిపోయారు. ఆ మాటను నోట్లో తిప్పి చూశారు. "ఇది అబద్ధమా?"

"కాదు మేడం."

"ఏమన్నా బయటపడినాదా?"

"లేదు."

"దొరికింది!" అని అరిచి సెల్వి చేతులు పట్టుకుని ఊపేశారు. తమిళంలో "విన్నావా, విన్నావా" అంటున్నారు.

ఆ గురువారం ఆ అమ్మాయికి నేనే చెప్పాలన్నారు మేడం. ఇంకెవరి నోటి నుంచి విన్నా ఆ పిల్లకు మనుషుల మీద నమ్మకం పోతుందన్నారు. చెప్పాను. నీ ఫోటో మా ఇంటికొచ్చింది, ఆ పెళ్ళికొడుకు నా తమ్ముడు, ఇవాళ్టి నుంచి సెల్వి నీతో మాట్లాడుతుంది అన్నాను. ఆ పిల్ల పుస్తకాల సంచీ ఒళ్ళోకి లాక్కుంది.

"ఇంట్లో చెప్పినారా?"

"లేదు. చెప్పను. ఇంగ ఎప్పటికీ చెప్పను."

చాలాసేపు కిటికీ వైపు చూసింది. "మీ తమ్ముణ్ణి వద్దంటే మీకు కోపం రాదా?"

"వచ్చినా ఆ కోపం నాది. మాట మాత్రం నీది. సరే అన్నా, వద్దన్నా."

తల ఊపింది. అదే పాత ఊపు. నా ప్రాణం ఉసూరుమంది. నన్ను నమ్మిందో లేదో తెలియకుండానే సెల్వి గదిలోకి వెళ్ళిపోయింది.

ఇంట్లో అమ్మ అడిగింది, నేను ఆ మాటే అన్నాను. మొహం చెదరనివ్వలేదు. కానీ అమ్మ ఊరుకుంటుందా? "వచ్చే ఆదివారం పిల్లను చూడను పోతా ఉండాం. నువ్వు రావల్ల. అక్క లేకుండా ఎట్ల?" నేను ఆ గుంపులో దిగితే ఆ పిల్ల గొంతులో మాట అక్కడే చచ్చిపోతుంది. జ్వరమని చెప్తానని మేడంతో అన్నాను. ఆవిడకు చిర్రెత్తింది.

"అబద్ధం ఒకటి ఆడితే దానికి కాపలా ఇంకొకటి కావల్ల. ఆదివారం నీకు కేంద్రంలో పనుండాది అని చెప్పు."

"ఆదివారం కేంద్రం ఉండదు కదా మేడం!"

"ఉంటాది. నేను తెరుస్తాను."

తెరిచారు! నా సాకు నిజం కావడానికి ఆవిడ ఆదివారం పూట ఆవడి నుంచి బండెక్కి వచ్చి, తాళం తీసి, కుర్చీలు తుడిచి కూర్చున్నారు. కింద షాపు మూసేసి ఉంది. మోటారు మోత లేని ఆ గది నాకు కొత్తగా ఉంది. కేసును ముగించడం ఎలాగో ఆ రోజంతా నాకు పాఠం చెప్పారు, ముగిసిన కేసు లేనిదానికి! మళ్ళీ మళ్ళీ ఫోన్ చూస్తున్నానని దాన్ని సొరుగులో పడేశారు. మధ్యాహ్నం టిఫిను డబ్బా తెరిచి పులిహోర సగం నాకు పెట్టారు. పెళ్ళిచూపుల మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సాయంత్రం తాళం వేస్తుంటే చూశాను, ఆవిడ వేరే తాళంచెవి పెట్టి తిప్పుతున్నారు. అప్పుడు తెలిసింది, ఆ రోజంతా నాతో పాటు ఆవిడా ఎదురుచూస్తున్నారని. ఆవిడ మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో అప్పుడు!

ఇంటికి పోయేసరికి అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది, మొహం జేవురించి.

"వద్దనేసినాది పాపా! ఆ పిల్ల!"

నేను చెప్పులు విడవడం మొదలుపెట్టాను. చాలా నిదానంగా విడిచాను.

"పెద్దోళ్ళందరూ కూర్చోనుండారు. పిల్లకు సమ్మతమేనా అని మామ ఊరికే మాటకు అడిగినాడు. ఎవురన్నా జవాబు చెప్తారా దానికి? ఆ పిల్ల తల పైకెత్తి, చదువు అయ్యేదాకా నాకు కల్యాణం వద్దు అనింది! అందరికీ కాఫీ ఇచ్చి, అంత మర్యాదగా నిలబడి, వద్దు అనింది! వాళ్ళ నాయన కాఫీ గ్లాసు కింద పెట్టేసినాడు. సరే, చదువు కానీలే అన్నాడాయప్ప. మన అబ్బోడికి ఏం తక్కువ? నువ్వే చెప్పు!"

"ఏం తక్కువ లేదమ్మా" అన్నాను. అదీ నిజమే.

తమ్ముడు లోపలి నుంచి వచ్చాడు. కొంచెం చిన్నబోయాడు, అయినా నవ్వుతున్నాడు. "ఆ పిల్లకి ధైర్యమెక్కువక్కా. వదిలెయ్ మా, వద్దంటే వద్దే కదా" అన్నాడు. నా తమ్ముడు బంగారం. కానీ ఆ క్షణాన నా మనసు వాడి దగ్గర లేదు. స్నానాల గదిలోకి పోయి, కొళాయి తిప్పి, బక్కెట్ చప్పుడులో ఎగిరి గంతేశాను. బయటికొచ్చి, మొహం అలాగే పెట్టుకుని, అమ్మ చెప్పిందంతా మళ్ళీ మొదటి నుంచి విన్నాను.

మర్నాడు పొద్దున తిరువళ్ళూరు స్టేషన్లో వంతెన మెట్ల దగ్గర కాపు కాశాను. ఆవడి బండి వచ్చింది. గుంపులో మేడం, సంచీ ఊపుకుంటూ మెట్లు దిగుతున్నారు. నన్ను చూసి సగం మెట్ల మీదే ఆగిపోయారు. నేను నోరు తెరవబోయాను. చెయ్యి ఎత్తి ఆపారు.

"నువ్వేమీ చెప్పొద్దు. ఇంట్లో విన్నది ఇంట్లోనే ఉండనీ. నేనేమీ అడగలా."

"సరే మేడం."

"ఈ మొహం నిన్న మీ అమ్మ చూసినాదా?"

"లేదు మేడం. ఈడికి వచ్చేదాకా పట్టుకోనుండాను."

"అట్లయితే ఇంగ వదిలెయ్" అన్నారు.

వదిలేశాను. పగలబడి నవ్వాను, ఏడ్చాను, మెట్ల మీద కూలబడ్డాను. మేడం కమ్మీ పట్టుకుని నా పక్కనే కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ నాకన్నా గట్టిగా నవ్వారు. జనం మమ్మల్ని తప్పుకుని దిగుతున్నారు. జామకాయల గంపతో వెళ్తున్న ఒకాయన ఆగి, ఏమైందమ్మా అని తమిళంలో అడిగాడు.

"ఈ అమ్మాయికి ఈ ఏడు రావలసిన పట్టా పోయిందయ్యా" అన్నారు మేడం, తమిళంలోనే.

ఆయన జాలిగా నా వైపు చూశాడు. "అందుకా ఇద్దరూ ఇట్లా నవ్వుతున్నారు?"

"అందుకే" అన్నారు మేడం.